కంప్రెషన్ యాక్సిలరేటర్ లిమిట్లు సిస్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టడం మంచిదేనా?

మారతహళ్లి కుర్రాడు: ఆఫీసులో రెండు రోజులుగా ఇదే గొడవ. ఐబీఎం పవర్ సర్వర్లలో జిజిప్ పనిని (డేటాని కుదించడం, మళ్లీ విప్పడం) ఎన్‌ఎక్స్ అనే హార్డ్‌వేర్ చేస్తుంది, 2020లో వచ్చిన లైనక్స్ 5.8 కర్నెల్ నుంచి మామూలు ప్రోగ్రామ్ కూడా డివైస్ ఫైల్ తెరిచి దాన్ని వాడుకోవచ్చు. 2021లో ఇంకో మూడు అంకెలు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ తన వివరాలను ఫైళ్లలా చూపించే చోటు) పెట్టారు: ఒక్క రిక్వెస్ట్‌లో గరిష్ఠంగా ఎన్ని బైట్లు పంపొచ్చు, కంప్రెస్‌కి, డీకంప్రెస్‌కి కనీసం ఎంత ఉంటే మంచిది. ఇవి ఉండి తీరాలని నా వాదన. మేము కొన్ని వందల బైట్ల లాగ్ రికార్డులను ఒక్కొక్కటిగా పంపి, సీపీయూ మీదే కంప్రెస్ చేసే మామూలు జెడ్‌లిబ్ లైబ్రరీ కంటే నెమ్మదైపోయి, కారణం తెలియక వారం పోగొట్టుకున్నాం.

హెబ్బాళ్ అన్న: నీ బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒకసారి ఫైల్ పెడితే జనం దాని మీద ఆధారపడతారు, ఇక తీయలేం. పైగా ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. హువావే కున్‌పెంగ్ చిప్‌ల జిప్ ఇంజిన్ యుఎసిసిఇ అనే కర్నెల్ ఫ్రేమ్‌వర్క్ కింద తన అల్గారిథమ్‌ల జాబితా చూపిస్తుంది, ఇంటెల్ కంప్రెషన్ యాక్సిలరేటర్ ఐఏఏది ఇంకో డ్రైవర్. అప్లికేషన్ రాసేవాడు ఇవన్నీ ఎందుకు చదవాలి? ఐబీఎం జెడ్15 మెయిన్‌ఫ్రేమ్‌లో డిఫ్లేట్‌ని (జిజిప్ వెనకున్న అల్గారిథమ్) ఏకంగా సీపీయూ ఇన్‌స్ట్రక్షన్ చేశారు, గొడవే లేదు.

మారతహళ్లి కుర్రాడు: అన్నా, ఆ ఇన్‌స్ట్రక్షన్‌లో కూడా ఏయే ఫంక్షన్లు ఉన్నాయో అడగడానికి విడిగా ఒక ఫంక్షన్ ఉంది! అడగకుండా ఎవరికీ కుదరలేదు.

ఎలక్ట్రానిక్ సిటీ నైట్ షిఫ్ట్: లిమిట్ చూపించడం వేరు, ప్రోగ్రామ్‌లకి హార్డ్‌వేర్ తలుపు తెరవడం వేరు, మీరిద్దరూ కలిపేస్తున్నారు. 2024లో ఇంటెల్ డీఎస్ఏ (డేటా కాపీ లాంటి పనుల యాక్సిలరేటర్), ఐఏఏలలో హార్డ్‌వేర్ లోపం బయటపడ్డాక, ప్రత్యేక అధికారం లేని ప్రోగ్రామ్ ఆ పరికరాన్ని తన మెమరీలోకి నేరుగా మ్యాప్ చేసుకోకుండా కర్నెల్‌లో అడ్డుకట్ట వేశారు, పని పంపడానికి రైట్ (write) సిస్టమ్ కాల్ దారి ఇచ్చారు. భయపడాల్సింది అక్కడ. మూడు అంకెలు చదివితే ఎవరికీ నష్టం లేదు.

హెబ్బాళ్ అన్న: సరే, అంకెలు ఉండనీ. కానీ చదవాల్సింది లైబ్రరీ, అప్లికేషన్ కాదు. ఈ మాట మీద మాత్రం నేను తగ్గను.

మారతహళ్లి కుర్రాడు: దానికి ఒప్పుకుంటా. లైబ్రరీ మొదలైనప్పుడు ఒకసారి చదివి, ఫైల్ లేకపోయినా డేటా చిన్నదైనా జెడ్‌లిబ్‌కి పోయేలా రాస్తున్నా. వీఎం (వర్చువల్ మెషీన్) ఇంకో మెషీన్‌కి మారితే మళ్లీ చదవాలా? చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.