మణికట్టు పట్టుకుంటే హెయాన్ షోదానా, సైఫానా? షోటోకాన్, గోజు ర్యూ వాళ్లు చెప్పండి

ఓరుగల్లు_కరాటే:
ఆత్మరక్షణకు కరాటే శైలుల్లో షోటోకాన్ మేలా, గోజు ర్యూ (గోజు) మేలా అని ఎప్పుడు మొదలుపెట్టినా వాదన పతకాల దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఒక్క సందర్భమే తీసుకుందాం. ఎదుటివాడు మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. షోటోకాన్ పిల్లలు మొదట నేర్చుకునే హెయాన్ షోదాన్ అనే కటాలో (వరుసగా కూర్చిన కదలికల్లో) నాలుగో కదలిక దీనికే. గోజులో సైఫా కటా మొదలయ్యేదే దీనితో. నా ఓటు సైఫాకి. హెయాన్‌లో చేసేది వెనక్కి లాగడం. మనకన్నా ఇరవై కిలోలు ఎక్కువున్నవాడితో లాగుడు పోటీ పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బెజవాడ_డోజో:
అన్నా, అక్కడ చేత్తో లాగరు. చాలా క్లాసుల్లో అలాగే చేయిస్తున్నారు, అది వేరే సంగతి. కదలిక ఇదీ: కుడి గెదాన్ బరాయ్ (కిందికి ఊడ్చే అడ్డు) వేసి జెన్‌కుత్సులో (ముందు మోకాలు వంచిన పొడుగాటి నిలుపులో) ఉన్నాం. ముందున్న కుడి పాదం సగం దూరం వెనక్కి వస్తుంది, ఒళ్లు నిటారవుతుంది. మోచేయి పక్కటెముకలకు ఆనుకునే ఉంటుంది. లాగేది నడుము, పాదం; చేయి వాటికి కట్టిన తాడంతే. ఆ లాగుడులోనే ముంజేయి తిరిగి, మణికట్టు సన్నటి అంచు వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందులోకి వస్తుంది. పట్టు తెగేది అక్కడే. అప్పుడు పిడికిలి ఎడమ భుజం పక్కగా లేచి, తల మీదుగా గుండ్రంగా వచ్చి తెత్సుయిగా, అంటే సుత్తిలా పిడికిలి అడుగుతో కొట్టే దెబ్బగా, దిగుతుంది.

పాడయ్యేది ఎక్కడంటే, చేయి ముందు కదిలి పాదం తర్వాత కదిలినప్పుడు. ఆ అర సెకనులో భుజం ఒక్కటే పనిచేస్తుంది, ఎదుటివాడు మిమ్మల్ని తన మీదికి ఈడ్చుకుంటాడు. రెండోది, పట్టు విడవకముందే చేయి పైకెత్తడం. పక్కటెముకలన్నీ వాడికి అప్పగించినట్టే.

నాహా_పిచ్చి:
బాగా చెప్పారు. కానీ వెనక్కి జరిగాక ఆ తెత్సుయి ఎవరికి తగులుతుంది? దూరం పెంచి కొడితే గాలికే తగులుతుంది.

సైఫాలో వెనక్కి వెళ్లం. కుడి కాలు కుడివైపు ఏటవాలుగా ముందుకు వేస్తాం. ఎడమ అరచేతితో మన కుడి పిడికిలినే పట్టుకుంటాం. అంటే వాడి ఒక్క చేతికి మన రెండు చేతులూ, మొత్తం ఒళ్లూ. ఎడమ కాలు దగ్గరికి చేర్చి ముసుబి దాచిలోకి వస్తూ, మడమలు కలిసి కాలి వేళ్లు బయటికి, ఒళ్లు ఎడమకు తిప్పుతాం. కుడి మోచేయి వాడి ముంజేయి మీదుగా లేస్తుంది. గొలుసు తెంపినట్టు కాదు, గడ్డపారతో రాయి లేపినట్టు. ఆ వెంటనే ఎడమ కాలు వెనక్కి, షికో దాచి (కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచిన నిలుపు), కుడి ఉరాకెన్ (పిడికిలి వెనకవైపు దెబ్బ) మొహానికి, ఎడమ చెయ్యి వాడి చేతిని కిందికి నొక్కిపెడుతుంది. దూరం ముందే మూసేశాం కాబట్టి దెబ్బ తగులుతుంది. కటాలో ఇది కుడి, ఎడమ, మళ్లీ కుడి, మూడుసార్లు.

బెజవాడ_డోజో:
మడమలు కలిపి నిలబడ్డ ఆ క్షణంలో వాడు భుజంతో ఒక్క నెట్టు నెడితే? పైగా మీ తల వాడి రెండో చేతికి అందేంత దగ్గరికి వెళ్లింది.

నాహా_పిచ్చి:
అందుకే అడుగు ఏటవాలుగా, వాడి చేతికి బయటివైపు వేయాలి. నేరుగా ముందుకేస్తే మీరన్నదే జరుగుతుంది. ముసుబి దాచి ఆగే చోటు కాదు, దాటిపోయే చోటు. గ్రేడింగ్‌లో (బెల్టు పరీక్షలో) ఫొటో కోసం ఆగుతారు, అదే అలవాటవుతుంది.

చెప్పుల_బ్యాచ్:
మీరిద్దరూ నున్నటి నేల మీద, వట్టికాళ్లతో మాట్లాడుతున్నారు. పాదానికీ పాదానికీ మధ్య రెండు భుజాల వెడల్పున్న జెన్‌కుత్సులోంచి, కంకర మీద, హవాయి చెప్పులతో పాదం వెనక్కి లాగి చూడండి. చెప్పు అక్కడే ఉంటుంది, మీరు ఇక్కడ. గోజులోని సాంచిన్ దాచి నిలుపు ఈ విషయంలో నయం: ముందు పాదం మడమ వెనక పాదం బొటనవేలి వరసలో, బరువు రెండు కాళ్ల మీదా సమానం, అడుగు చిన్నది.

ముంజేయి:
ఆ పొడుగాటి జెన్‌కుత్సు షోటోకాన్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చిన తొలినాళ్ల ఫొటోల్లో ఆయన చాలా పొట్టిగా, ఎత్తుగా నిలబడి ఉంటారు. కాళ్లు చాపి కిందికి దిగడం ఆయన కొడుకు యోషితకా కాలంలో పెరిగింది, తర్వాత యూనివర్సిటీ క్లబ్బుల్లో స్థిరపడింది. తొడల బలానికి అది మంచిదే. కటాలో దిగినంతే రోడ్డు మీదా దిగాలని ఎవరూ అనలేదు.

ఓరుగల్లు_కరాటే:
అదే నేనూ అంటున్నా. పైగా హెయాన్‌లు అసలు బడి పిల్లల కోసం ఒకినావా గురువు ఇతోసు అంకో కూర్చినవి. అందులో వీధి పోరాటం వెతకడం ఎందుకు?

ముంజేయి:
గోజులోనూ ఉన్నాయిగా బడి కటాలు. గెకిసాయ్‌ని గోజు స్థాపకుడు మియాగి చోజున్ 1940లో పదిమందికీ అందాలనే తయారుచేశారు. పిల్లల కోసం కూర్చితే పట్టు విడిపించడం మారిపోదు, బొటనవేలి సందు మారదు. తేడా హికితేలో, అంటే ఒక చేయి కొడుతుంటే రెండో చేతిని వెనక్కి లాగడంలో, వెతకండి. షోటోకాన్‌లో వెనక్కి వచ్చే పిడికిలి బెల్టుకి కాస్త పైన, తుంటి దగ్గర ఆగుతుంది. గోజులో ఇంకా పైకి, చంక కింద రొమ్ము పక్కకి. ఖాళీ పిడికిలిని అక్కడ పెడితే రెండూ మొహాన్ని వదిలేసినట్టే. ఆ పిడికిలిలో వాడి చొక్కా చెయ్యో, మణికట్టో ఉంటేనే దానికి అర్థం. బెజవాడ గారి తెత్సుయి గాలికి తగలకుండా ఉండాలంటే ఎడమ చేయి ఊరికే తుంటి మీద కూర్చోకూడదు. వాడి చేతిని పట్టి లాగుతూ ఉండాలి.

వాడో_వీధి:
మధ్యలో దూరుతున్నా. మా వాడో ర్యూ స్థాపించిన ఓత్సుక హిరోనోరి కరాటేకు ముందే షిందో యోషిన్ ర్యూ జుజుత్సు (పట్లు, పడగొట్టడాల జపాన్ యుద్ధకళ) నేర్చినవారు. అక్కడి సూత్రం ఒకటే: బలానికి ఎదురు వెళ్లకు, దాని దారిలోనే కదులు. మీ రెండు కటాలూ దానికే సరిపోతాయి. వాడు తనవైపు ఈడిస్తే సైఫా, ఎందుకంటే అడుగు ముందుకు వేయించేది వాడే. వాడు నెడుతూ పట్టుకుంటే హెయాన్, పాదం వెనక్కి తెచ్చేదీ వాడి నెట్టే. తారుమారు చేస్తే రెండూ చెడతాయి. వాడు ఎటు బలం పెడుతున్నాడో చెప్పకుండా ఏది మేలని అడిగితే జవాబు ఉండదు.

నాహా_పిచ్చి:
ఒప్పుకుంటా, కానీ ఎటు బలం పెడుతున్నాడో భయంలో ఎవరు ఆలోచిస్తారు? అది చర్మానికి తెలియాలి. గోజులో కాకియే ఉన్నది అందుకే: ఇద్దరూ మణికట్లు ఆనించి, ఒకరు నెడుతుంటే ఒకరు తీసుకుంటూ, మధ్యలో హఠాత్తుగా పట్టుకోవడం. మీ క్లాసులో ఇది ఉందా, బెజవాడ గారూ?

బెజవాడ_డోజో:
పేరు లేకుండా చేయిస్తాం. మొదటి వారం జోడీ పట్టుకుని కదలకుండా నిలబడతాడు, రెండో వారం ఈడుస్తాడు లేదా నెడతాడు, ఏదో చెప్పడు. ఆ తర్వాత ఖాళీ చేత్తో చెంప మీదికి వస్తాడు. చాలామంది అక్కడే పట్టు సంగతి మర్చిపోయి తల కాపాడుకుంటారు, అది మంచిదే. జోడీ మొహమాటానికి పట్టు వదులు చేస్తే మాత్రం ఈ అభ్యాసమంతా దండగ.

చెప్పుల_బ్యాచ్:
వాడు రెండు చేతులతో పట్టుకుంటే?

నాహా_పిచ్చి:
వాడి రెండు చేతుల మధ్యలోంచి మీ ఎడమ చేయి దూర్చి మీ పిడికిలినే పట్టుకోండి, అదే సైఫా మొదటి భంగిమ. మోచేయి పైకి, ఒళ్లు పక్కకి. నేరుగా పైకి లాగితే రాదు, వాడి బొటనవేళ్లున్న వైపే తిప్పాలి.