ఇంజనీరింగ్ బ్రాంచిని చేరేటప్పుడే తేల్చుకోవాలా, మొదటి సంవత్సరం చదివాకా? (మారుపేర్లతో రాసిన ముగ్గురి చర్చ)

మూలబిందువు:

పదిహేడేళ్ల విద్యార్థికి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అన్నవి అప్పటికి పేర్లు మాత్రమే. ఆ వయసులో, ఒక్క పాఠమైనా వినకముందే, బ్రాంచిని తేల్చుకోమనడం అన్యాయమని నేను నమ్ముతున్నాను. ఐఐటీల విషయంలో జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వచ్చీ రాగానే జోసా (ఉమ్మడి సీట్ల కేటాయింపు) కౌన్సెలింగులో సంస్థనూ బ్రాంచినీ జతగా వరుసలో పెట్టాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలోనూ, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలోనూ దరఖాస్తులోనే విభాగం పేరు రాయాలి. కేంబ్రిడ్జిలో మాత్రం మొదటి రెండేళ్లు అందరూ ఒకే ఇంజనీరింగ్ చదువుతారు. నిర్మాణాలు, పదార్థాలు, యంత్రశాస్త్రం, విద్యుత్తు అన్నీ రుచి చూశాక మూడో ఏట తమ దారి ఎంచుకుంటారు. అమెరికాలోని ఎంఐటీలో మొదటి ఏడాది విద్యార్థికి విభాగమే ఉండదు. ఈ పద్ధతి అన్నిచోట్లా ఎందుకు రాకూడదు?

గతిశాస్త్రం:

మీ ఆవేదన న్యాయమైనదే, కానీ మీరు చూపిన రెండు ఉదాహరణలకూ వెనుక ఉన్న షరతును వదిలేశారు. ఎంఐటీలో ఏడాది ముగిశాక ఏ విభాగం కోరితే అందులో చేరవచ్చు, సీట్ల పరిమితి అడ్డురాదు. అందుకే అక్కడ మొదటి సెమిస్టరులో గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్టులో (మార్కుల పత్రంలో) చేర్చకపోయినా నడుస్తుంది. సీట్లకు పరిమితి ఉన్నచోట ఉమ్మడి తొలి ఏడాది రెండో ప్రవేశ పరీక్షగా మారుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది పాఠాలు ఉమ్మడిగానే ఉంటాయి, అయితే రెండో ఏట ఏ విభాగం దొరుకుతుందన్నది ఆ ఏడాది మార్కులతో పోటీపడి తేలుతుంది.

నేను తొలి ఏడాది విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పాను. అప్పట్లో మా దగ్గరా ఇదే పద్ధతి ఉండేది. ఒక అమ్మాయి లోలకం ప్రయోగం రికార్డులో అర మార్కు కోసం మూడుసార్లు నా గదికి వచ్చింది. గ్రాఫులో ఆమె గీసిన రేఖ మూలబిందువు గుండా ఎందుకు వెళ్లలేదో వివరించబోతే, ఆమె తలవంచుకుని, "సర్, ఈ అర మార్కుతో కంప్యూటర్ సైన్సు వస్తుందా?" అని అడిగింది. ఆ ఏడాదంతా ఆ పిల్ల దేన్నీ ఇష్టంతో చదవలేకపోయింది. బ్రాంచి ముందే తేలిపోయి ఉంటే, ఇష్టమైనది దక్కకపోయినా, కనీసం ఆ లోలకాన్ని ప్రశాంతంగా చూసి ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మూలబిందువు:

సీట్ల పరిమితి గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను, దాన్ని నేను తక్కువగా అంచనా వేశాను. అయినా ఉమ్మడి చదువు విలువ బ్రాంచి ఎంపికతోనే ముగిసిపోదు. స్ప్రింగుకు వేలాడే బరువు ఊగుతూ క్రమంగా ఆగిపోవడాన్ని వర్ణించే సమీకరణమూ, ఇండక్టరు, రెసిస్టరు, కెపాసిటరు వరుసగా ఉన్న సర్క్యూట్లో విద్యుదావేశం మారడాన్ని వర్ణించే సమీకరణమూ ఒకటే. ద్రవ్యరాశి ఉన్నచోట ఇండక్టెన్సు, ఘర్షణ ఉన్నచోట నిరోధం, స్ప్రింగు గట్టిదనం ఉన్నచోట కెపాసిటెన్సు విలోమం పెడితే చాలు. మెకానికల్ విద్యార్థి ఒకదాన్నీ, ఎలక్ట్రికల్ విద్యార్థి మరొకదాన్నీ వేరువేరు గదుల్లో నేర్చుకుంటే, ఇద్దరికీ సగమే దక్కినట్టు. ఒకే తరగతిలో రెండూ బల్ల మీద పక్కపక్కన ఊగడం చూసిన విద్యార్థి ఆ తర్వాత ఏ బ్రాంచికి వెళ్లినా ఇంజనీరుగా ఆలోచిస్తాడు.

తొలిమెట్టు:

నేను ఈ మధ్యే వివిధ దేశాల ప్రవేశ నిబంధనలన్నీ ముందేసుకుని కూర్చున్న విద్యార్థిని, కనుక నా వైపు నుంచి ఒక మాట. ప్రవేశార్హత అనగానే మనం వాకిలి దగ్గరి షరతునే చూస్తాం: కేంబ్రిడ్జికి 'ఎ-లెవెల్' అనే బ్రిటన్ పాఠశాల చివరి పరీక్షల్లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి, 2024 నుంచి ఈశాట్ అనే ఇంజనీరింగ్, సైన్సు ప్రవేశ పరీక్ష కూడా రాయాలి, ఎంఐటీ కోవిడ్ కాలంలో పక్కనపెట్టిన శాట్ ప్రవేశ పరీక్ష నిబంధనను 2022లో తిరిగి తెచ్చింది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని చూసినప్పుడు నేను రాసుకుంటున్న ఆ నిబంధనల పట్టిక తలకిందులైంది. స్విస్ మతురా (అక్కడి పాఠశాల చివరి అర్హత) పూర్తిచేసినవారికి అక్కడ విడిగా ప్రవేశ పరీక్ష లేదు, చూడగానే ఎంత సులువో అనిపిస్తుంది. కానీ మొదటి ఏడాది పాఠాలపై జరిగే పరీక్ష రెండుసార్లు తప్పితే ఆ కోర్సు వదిలి వెళ్లాల్సిందే. అసలు వడపోత లోపల జరుగుతోంది.

అందుకని ఉమ్మడి ఏడాది మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదని గతిశాస్త్రం గారి అనుభవం చదివాక అనుకుంటున్నాను. టొరంటో విశ్వవిద్యాలయంలో ట్రాక్‌వన్ పేరిట బ్రాంచి లేకుండా చేరే ఏర్పాటు ఉంది. తొలి ఏడాది సంతృప్తికరంగా పూర్తిచేస్తే ప్రధాన బ్రాంచిలలో కోరినదానికి వెళ్లవచ్చని ముందే మాట ఇస్తారు. నేను ఇప్పుడు ప్రతి విశ్వవిద్యాలయం పేరు పక్కనా ఇంకో గడి గీసి, ఆ హామీ రాతపూర్వకంగా ఉందా, లేకపోతే గత ఏడాది ఏ సగటు మార్కు దగ్గర ఏ బ్రాంచి ఆగిపోయింది అని రాసుకుంటున్నాను. జవాబు ఎక్కడా దొరకనిచోట ప్రవేశాల కార్యాలయానికే ఉత్తరం రాస్తున్నాను.