గుడ్ల సుస్థిరత నివేదికలో కోడి సంక్షేమానికి చోటెక్కడ?

ప్రశ్న: మారతహళ్లి, బెంగళూరు

అందరికీ నమస్కారం. ఆహార సంస్థల కోసం జీవితచక్ర మదింపులు (ఒక వస్తువు తయారీ నుంచి పారవేత దాకా పర్యావరణంపై చూపే ప్రభావపు లెక్కలు) చేసే ఒక చిన్న కార్యాలయంలో పనిచేస్తున్నాను. హోటళ్లకు గుడ్లు సరఫరా చేసే ఒక వ్యాపారి కోసం, బోనుల్లో పెంచే కోళ్ల గుడ్లనూ, బోనుల్లేని షెడ్లలో పెంచే కోళ్ల గుడ్లనూ పోల్చి సుస్థిరత నివేదిక తయారు చేస్తున్నాం. ఈ మదింపులకు వాడే ఐఎస్‌ఓ 14040, 14044 ప్రమాణాల ప్రకారం కిలో గుడ్లకు లెక్కకడితే బోనుల పద్ధతికే తక్కువ కర్బన ఉద్గారాలు తేలుతున్నాయి. బోనులో కోడి పెద్దగా కదలదు కనుక దాణా తక్కువ పడుతుంది. గుడ్డు ఉద్గారాల్లో పెద్ద వాటా దాణాదే కనుక ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అయినా రెక్క చాపడానికి చోటులేని పద్ధతిని ‘మరింత సుస్థిరమైనది’ అని రాయడం నాకు మింగుడుపడటం లేదు. జంతు సంక్షేమాన్ని మిగతా అంశాలతో కలిపి ఒకే మార్కుగా ఇవ్వాలా, విడిగా చూపాలా? అది నైతిక విషయమనీ, మన నివేదికలో దానికి చోటు లేదనీ మా పై అధికారి అభిప్రాయం.

జవాబు: సుస్థిరత సలహాదారు, ఇందిరానగర్

నివేదిక పేరు ‘కర్బన ఉద్గారాల లెక్క’ అయితే మీ పై అధికారి మాట చెల్లుతుంది. అట్ట మీద ‘సుస్థిరత’ అని వేశాక చెల్లదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార, వ్యవసాయ రంగాల సుస్థిరతను మదింపు చేయడానికి రూపొందించిన ‘సాఫా’ మార్గదర్శకాలు జంతు సంక్షేమాన్ని పర్యావరణ విభాగంలోనే, నీరు, నేల, జీవవైవిధ్యాల సరసన చేర్చాయి. 2022 మార్చిలో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ కూడా జంతు సంక్షేమానికీ సుస్థిర అభివృద్ధికీ ఉన్న సంబంధంపై తీర్మానం చేసింది. అయితే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలకు పెట్టిన సుస్థిరత నివేదిక నమూనా బీఆర్‌ఎస్‌ఆర్‌లోని తొమ్మిది సూత్రాల్లో దీనికంటూ ఒక సూత్రం లేదు కాబట్టి, కంపెనీలు తమంతట తాము అడగవు.

ఒకే మార్కు మాత్రం వద్దు. విరిగిన ఎముకకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సాటి వస్తుందో చెప్పే మారకపు రేటు ఎక్కడా లేదు; ఆ తూకం మీరు వేసుకున్నదే అవుతుంది, దాన్ని కాస్త అటూ ఇటూ జరిపితే గెలిచే పద్ధతి మారిపోతుంది. అసలు చిక్కు యూనిట్‌లోనే ఉంది. కిలో గుడ్లు అనగానే కోడి లెక్కలోంచి జారిపోతుంది. గుడ్లు పెట్టే ప్రతి కోడికీ దాదాపు ఒకటి చొప్పున, గుడ్లు పెట్టని మగ పిల్లలను హేచరీలో (గుడ్లు పొదిగించే చోట) మొదటి రోజే చంపేస్తారు. జీవితచక్ర మదింపులో అది కనిపిస్తే గిస్తే వ్యర్థాల బరువుగా కనిపిస్తుంది. జర్మనీ 2022 నుంచి ఇలా చంపడాన్ని నిషేధించింది. అందుచేత కిలో గుడ్ల వెనుక ఎన్ని కోళ్లు, ఎన్ని మగ పిల్లలు ఉన్నాయో ఒక వరుసలో తప్పక చూపండి.

జవాబు: పశువైద్యురాలు, హెబ్బాళ

పై సలహాతో ఏకీభవిస్తాను, కానీ ‘బోను లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి దాన్ని సంక్షేమమని పిలవకండి. చోటు ముఖ్యమే. ఐరోపా సమాఖ్య 1999 నాటి ఆదేశంతో 2012 నుంచి దండె, గూడు లాంటి వసతులేవీ లేని బోనులను ఆపించి, వసతులున్న బోనుల్లోనూ కోడికి కనీసం 750 చదరపు సెంటీమీటర్లు ఉండాలంది. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 624. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కూడా కదలడానికి తగిన చోటులేని బోనును నేరంగానే చూస్తుంది. అయినా చోటు మనం ఇచ్చేది; దాని ఫలితం కోడి ఒంటి మీద చూడాలి.

కోడిని పట్టుకుని, రొమ్ము ఎముక అంచు వెంబడి బొటనవేలూ చూపుడువేలూ పై నుంచి కిందికి జరిపితే, మానిపోయిన పాత విరుగు గడ్డలా తగులుతుంది. గుడ్డు పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. దాణాలో చాలనప్పుడు కోడి తన ఎముకల్లోంచి తీస్తుంది. ముందే చెప్పాలి, బోనుల్లేని షెడ్లలో ఎత్తయిన దండెల మీద నుంచి దూకేటప్పుడు గుద్దుకుని ఈ విరుగుళ్లు ఎక్కువ కావచ్చు. ఒకదాన్నొకటి పొడుచుకోవడం, నేల మీద పరిచే పొట్టు తడిస్తే లేచే అమ్మోనియా కూడా అక్కడి సమస్యలే. వీపు మీద ఈకలు, అరికాలి పుళ్లు, రిజిస్టరులోని మరణాలు, వాడిన యాంటీబయాటిక్‌లు కూడా నమోదు చేయండి.

జవాబు: గుడ్ల కోళ్ల (లేయర్) ఫారం నడిపేవాడిని, చిత్తూరు జిల్లా, గుడ్లు బెంగళూరుకే పంపుతాను

లెక్క రాసేవారు ఫారానికి వచ్చి రాయాలని నా మనవి. ప్రశ్నపత్రం పంపిస్తే ఎవరైనా మంచి జవాబులే నింపుతారు. చచ్చిన కోడి అప్పటిదాకా తిన్న దాణా వృథాయే కనుక, మరణాలు తగ్గితే మీ ఉద్గారాల అంకె కూడా తగ్గుతుంది. ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టండి. అయితే బోనులు తీసేసే ఖర్చు, పెరిగే దాణా ఖర్చు ఎవరి మీద పడుతుందో నివేదికలో ఒక్క వాక్యమైనా లేకపోతే, కొనేవారు దీన్ని ధర తగ్గించడానికే వాడుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సంక్షేమాన్ని విడి పట్టికగా, మార్కు లేకుండా ఇస్తాను. ఖర్చు సంగతి కూడా చేరుస్తాను. డాక్టర్ గారూ, మూడంతస్తుల బోనులున్న షెడ్డులో పరీక్షకు కోళ్లను ఎలా ఎంచుకోవాలి?

పశువైద్యురాలు, హెబ్బాళ

చేతికందే మధ్య వరుసతో సరిపెట్టకుండా, మూడు అంతస్తుల నుంచీ, షెడ్డు రెండు చివరల నుంచీ, నడుమ నుంచీ సమానంగా తీసుకోండి. బోనుల్లేని షెడ్డులో అయితే దీపాలు తగ్గించాక వెళ్లండి. అప్పుడు కోళ్లు దండెల మీద కుదురుగా ఉంటాయి, పట్టుకుంటే తక్కువ బెదురుతాయి. రొమ్ము ఎముక తడమడం నేర్పడానికి మొదటిసారి ఒక పౌల్ట్రీ డాక్టరును వెంట తీసుకెళ్లండి.