కొల్లేరు నీటి డేటా: శాఖల లెక్కలు కలవకపోతే ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, కొల్లేరు నీటి నాణ్యత నా అంశం. కాలుష్య నియంత్రణ మండలి, మత్స్యశాఖ, జలవనరుల శాఖ, అటవీశాఖ, ఇలా ఒక్కో చోట కొంత సమాచారం ఉంది. కానీ ఒకే నెలకు కరిగిన ఆక్సిజన్ ఒక పట్టికలో బాగుంది, ఇంకో పట్టికలో చేపలు చచ్చేంత తక్కువగా ఉంది. దేన్ని నమ్మాలి? గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
రెండూ నిజమే కావచ్చమ్మా. శాంపిల్ ఏ గంటకు తీశారో ముందు కనుక్కోండి. నాచు బాగా పెరిగిన నీటిలో మధ్యాహ్నం ఎండకు ఆక్సిజన్ పెరుగుతుంది. రాత్రంతా ఆ నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి తెల్లవారేసరికి పడిపోతుంది. మన చేపల, రొయ్యల రైతులు రాత్రిళ్లు ఏరియేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) తిప్పేది అందుకే. తేదీ ఉండి గంట లేని రీడింగును నేనైతే ఆక్సిజన్ పోలికలో అసలు పెట్టను.

చోటు కూడా ముఖ్యం. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి కలిసే దగ్గర తీసిన శాంపిల్‌నీ, ఉప్పుటేరు వైపు తీసినదాన్నీ కలిపి సగటు కట్టొద్దు. ఎండాకాలం ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది.

నీటిమట్టం లెక్కల్లో ఇంకో చిక్కుంది. 1999లో ప్రకటించిన అభయారణ్యం హద్దు సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు, అంటే ఆ ఎత్తున్న చోట్లను కలిపే గీత. గేజీ (నీటిమట్టం కొలిచే గుర్తుల పట్టీ) రీడింగు మీటర్లలో ఉండొచ్చు, దాని సున్నా సముద్రమట్టమే అని అనుకోకూడదు. ఆ సున్నా ఎంత ఎత్తులో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. లోతు తక్కువ సరస్సు కదా, అర అడుగు తేడాకే నీరు పరుచుకునే మేర చాలా మారిపోతుంది.

మరో సభ్యుడి జవాబు:
మేడమ్, అభయారణ్యం లోపలికి వెళ్లి మీరే శాంపిళ్లు తీయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి కావాలి. ఈ దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి. పాత డేటాకి ముందు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద మామూలు లేఖ రాయండి. అడగ్గానే సమాచార హక్కు దరఖాస్తు పడేస్తే సాయం చేయాలనుకున్న ఇంజినీరు కూడా వెనక్కి తగ్గుతాడు. లేఖకు జవాబు రాకపోతే అప్పుడు వేయండి. అది వేరే శాఖకు చెందిన సమాచారమైతే 5 రోజుల్లో అక్కడికి పంపాలని సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. లేఖలో ఏం అడగాలో కాస్త చెప్తారా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అన్ని శాఖలకూ ఒకే లేఖ రాయండి, ఎవరెవరికి పంపారో కింద చూపించండి. అసలు విషయం ఇలా ఉంటే చాలు: "ప్రతి శాంపిల్‌కూ తీసిన తేదీ, గంట, అక్షాంశ రేఖాంశాలు, లోతు, పరీక్షించిన పద్ధతి, కొలత యూనిట్, నీటిమట్టమైతే గేజీ సున్నా ఎత్తు తెలుపగలరు. అన్ని శాఖల వివరాలతో తయారయ్యే పట్టిక ప్రతిని మీ కార్యాలయానికి అందజేస్తాను." ఆ చివరి వాక్యం తీసేయకండి. పక్క శాఖ లెక్కలు వాళ్లకూ కావాలి.