సుగంధ శీతజలమా, సుగంధి శీతజలమా?

వేసవిగాలి:
పొద్దున్నుంచి ఒక పాదం నోట్లో ఆడుతోంది. "...సుగంధ శీతజలముల్ వడపిందెలు నీరుచల్లయున్". ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసం, విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే వేసవి భోజనం. అక్కడ ఉన్నది 'సుగంధ'నా, 'సుగంధి'నా? 'సుగంధి' అయితే సుగంధిపాల వేళ్ళు నానబెట్టిన నీళ్ళు అనుకోవచ్చా? ఈ ఎండల్లో ఇంట్లో కూల్‌డ్రింకులు మానేసి ఏలకులు, శొంఠి, వేళ్ళతో నేనే ఏదో ఒకటి కలుపుతున్నాను. అందుకే ఈ మాట వదలడం లేదు.

యతిస్థానం:
"తెలి నులివెచ్చ యోగిరము" పద్యం కదా, చంపకమాల. మీరడిగిన చోట 'సుగంధి' జగణం. ధ అయినా ధి అయినా లఘువే కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. యతి పడింది పాదం మొదట ఉన్న 'బులును'లోని బుకి, 'జలముల్'లోని ముకి. అంటే ఆ పాదంలో కదపలేనిది జలమే. సుగంధం సంగతి మీరూ మీరూ తేల్చుకోవాలి.

కౌముది:
తేల్చుకోవడానికేముందండీ, 'ధి'యే. "గంధస్యేదుత్పూతిసుసురభిభ్యః" అని పాణిని వ్యాకరణ సూత్రం. 'సు' తర్వాత వచ్చిన గంధ శబ్దానికి బహువ్రీహిలో, అంటే 'అది గలది' అనే అర్థమిచ్చే సమాసంలో, ఇకారం వస్తుంది. దానిమీద వార్తికం, అంటే సూత్రానికి చేర్చిన వివరణ, ఇంకా ముఖ్యం. వాసన వస్తువులో విడదీయరాకుండా కలిసిపోతేనే ఆ ఇకారం. సిద్ధాంతకౌముది అనే వ్యాకరణ గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణలు చూడండి: సుగంధి పుష్పం, సుగంధి సలిలం. అత్తరు సరుకు అమ్మే వర్తకుడు మాత్రం 'సుగంధుడు', ఎందుకంటే వాసన సరుకుది, అతనిది కాదు. నీళ్ళనే ఉదాహరణగా ఇచ్చాక ఇంకేం కావాలి? సుగంధి అంటే మంచి వాసన గల నీళ్ళు, అంతే. ఏ మొక్కా అక్కర్లేదు.

వట్టివేరు:
కౌముది గారూ, రూపం కుదిరినంత మాత్రాన అర్థం కుదిరినట్టు కాదు. ఆ పద్యంలో చెఱకుపాలు, ఎడనీళ్లు, వడపిందెలు, నీరుచల్ల, అన్నీ పేరు పెట్టి చెప్పిన వస్తువులే. అంత పట్టిపట్టి చెప్పే కవి మధ్యలో ఒక్క నీళ్ళ దగ్గరే 'మంచి వాసన గలవి' అని ఊరుకుంటాడా? సుగంధి వేసిన శీతజలం అని, మధ్యలోని 'వేసిన' లోపించిన మధ్యమపదలోపి సమాసంగా చెప్పుకుంటే హాయిగా సరిపోతుంది. సుగంధిపాల వేరు వాసన తెలిసిన వాళ్ళెవరూ దీన్ని కాదనరు. దాని పరిమళానికి మూలమైన పదార్థం వెనిలిన్‌కి రసాయన రీత్యా తోబుట్టువు. వేరు కడిగి, దంచి, లోపలి కట్టెలాంటి ఈనె తీసేసి, పై బెరడు రాత్రంతా నానబెడితే నీళ్ళు ఎర్రగా దిగుతాయి. గలగలా మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. తేటను పంచదార పాకంలో కలిపి ఉంచుకుని, తాగే ముందు నీళ్ళు, నిమ్మరసం.

కౌముది:
మొక్క పేరు అనడానికి ఆ కాలపు తెలుగులో ఒంటరి 'సుగంధి' ప్రయోగం ఇంకొకటి చూపించండి, ఒప్పుకుంటాను.

నానుడి:
మీరిద్దరూ ధి దగ్గర ఆగిపోయారు, అసలు కీలకం 'శీత'లో ఉందని నా సిద్ధాంతం. వైద్యగ్రంథాల్లో కషాయాలు ఐదు రకాలు: స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం. కాచి వడగట్టింది శృతం. వేడినీళ్ళు పోసి తీసింది ఫాంటం. రాత్రంతా చన్నీళ్ళలో నాననిచ్చి పొద్దున్న వడగట్టింది శీతం, దాన్నే హిమం అనీ అంటారు. వైద్యగ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్క ఒక పాలు ద్రవ్యానికి ఆరు పాళ్ళ నీళ్ళు. 'శీతజలం' అంటే ఉత్త చల్లని నీళ్ళు కాదు, నానబెట్టి తీసిన నీళ్ళు అని నేను చదువుకుంటాను. అప్పుడు కౌముది గారు చెప్పిన 'విడదీయరాని వాసన' కూడా అక్కడే దొరుకుతుంది. ధనియాలు, ఏలకులు, సోంపు, వట్టివేరు ఇవన్నీ ఈ పద్ధతికి లొంగుతాయి. దాల్చినచెక్క, శొంఠి గట్టి సరుకులు, వాటికి వేడి తగలాల్సిందే.

యతిస్థానం:
చరకసంహితలో షడంగపానీయం శృతశీతం, కాచి చల్లార్చింది. ముస్త, పర్పటకం, ఉశీరం, చందనం, శొంఠి వంటివి ఉంటాయి అందులో. దాహానికీ జ్వరానికీ చెప్పింది. 'శీత' కనబడిన చోటల్లా నానబెట్టడమే అంటే ఇది అడ్డొస్తుంది.

నానుడి:
అడ్డు రాదండీ. అక్కడ 'శృత' అని విడిగా చెప్పారు. చెప్పలేదంటే కాచలేదనేగా!

చల్లకుండ:
నాకు రాయలవారి ఋతు వివేకమే ఆశ్చర్యం. మిరియాన్ని ఎక్కడ పెట్టాడో చూశారా? తరువాతి పద్యంలో, "మిరియంపుం బొళ్ళతో" అని, హిమవేళలో. వేసవి జాబితాలో కారం ఊసే లేదు. కన్నడమో తమిళమో తెలుగో అని విడదీయలేని 'ఎడనీళ్లు' మాట వేసి, పక్కనే అచ్చతెనుగు 'నీరుచల్ల' వేశాడు. భోజనం కంటే ముందు చందనచర్చ! ఒంటికి చలువ అద్ది తరువాత కడుపుకు చలువ పెట్టించిన కవి ఇంకెవరున్నారు? ఆ పద్యం చదివితేనే నాకు సగం దాహం తీరుతుంది.

వట్టివేరు:
అయితే మిరియాల పానకం వేసవిది కాదంటారా? బెల్లం నీళ్ళలో మిరియం, ఏలకులు, శొంఠి పొడి, పొయ్యి ఎక్కకుండా కలిపేదే కదా. మిరియపు ఘాటు ఒంట్లో వేడిని పసిగట్టే నాడుల్ని తడుతుంది, కాస్త చెమట పడుతుంది, గాలి తగిలితే చల్లబడతాం. వేసవి పద్యంలో పానకం ఉంది, 'రసావళుల్' అంటే అదే.

చల్లకుండ:
రస, ఆవళి: పళ్ళరసాల వరుస అని నా చదువు. మిరియం ఎక్కడినుంచి దూరింది?

కౌముది:
అమరకోశంలో "స్యాద్రసాలా తు మార్జితా" ఉంది. రసాల అంటే పెరుగులో చక్కెర, ఏలకులు, పచ్చకర్పూరం కలిపి గుడ్డలో వడగట్టే పానీయం. రసావళిలో ఆ 'రసాల' అనే మాట నీడ నాకు కనిపిస్తుంది. 'వ' ఎలా వచ్చిందన్నదే చూడాలి.

యతిస్థానం:
'వ' తీసేస్తే గణం విరుగుతుంది మాస్టారూ. అక్కడ రగణం ముందు జగణం నిలవాలి.

వేసవిగాలి:
అందరికీ నమస్కారం. ఇంతకీ నేను 'ధ' అని చదవనా, 'ధి' అని చదవనా?

నానుడి:
'ధి' అనే చదవండి, కానీ కౌముది గారి కారణంతో కాదు. ఈ రాత్రి ధనియాలు నానబెట్టి చూడండి.

కౌముది:
నా కారణంతోనే చదవండి. వేదం వేంకటరాయశాస్త్రి గారు ఆముక్తమాల్యదకు రాసిన సంజీవనీ వ్యాఖ్య ఎవరి బీరువాలోనైనా ఉంటే ఈ పద్యం టీక ఉన్న పేజీ ఫొటో పెట్టగలరా? రసావళి దగ్గర ఏం రాశారో అది ముందు చూడాలి.