నవంబరు 1 ఆ, అక్టోబరు 1 ఆ? ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు మీద చర్చ

ఒంగోలు టీచర్:
మా స్కూల్లో పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్లాడో పిల్లో "ఈ రోజు విశేషాలు" చదువుతారు, ఆ లిస్టు రాసే పని నాది. నవంబరు 1 కి రాస్తున్నా. 1897 లో దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు పుట్టారు, 1956 లో కేరళ ఏర్పడింది, 1966 లో హర్యానా, 2000 లో ఛత్తీస్‌గఢ్, ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. "ఈ రోజు మన రాష్ట్ర అవతరణ దినోత్సవం" అని రాయాలా వద్దా అన్న దగ్గర స్టాఫ్ రూములో వాదన మొదలైంది, ఇంకా నడుస్తోంది. నా మాట నేను సూటిగా చెప్తా, రాయకూడదు. మన రాష్ట్రం పుట్టింది 1953 అక్టోబరు 1 న కర్నూల్లో. మద్రాసు నుంచి విడిగా తెలుగువాళ్ళకి ఒక రాష్ట్రం కావాలని 1913 లో బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచి నలభై ఏళ్ళు అడిగితే, పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు అన్నం మానేసి 1952 డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలితే, ఆ తర్వాత నాలుగు రోజులకి నెహ్రూ ప్రకటన చేస్తే వచ్చిన రాష్ట్రం అది. ఆయన ప్రాణం ఇచ్చింది ఆ రాష్ట్రం కోసం, కానీ మనం దండ వేసేది నవంబరు 1 న. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

బెజవాడ లాయరు:
మాస్టారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ చట్టం చూడండి. 2014 విభజన చట్టంలో కొత్త రాష్ట్రం అని రాసింది తెలంగాణని, మిగిలిన దానికి ఆంధ్రప్రదేశ్ అన్న పేరే ఉంచారు, అంటే పాత రాష్ట్రమే కొనసాగుతోంది. ఆ పేరుతో రాష్ట్రం మొదలైంది 1956 నవంబరు 1 న, హైదరాబాదులో నెహ్రూ గారే ప్రారంభించారు. కొంత భూభాగం వెళ్ళిపోయినంత మాత్రాన పుట్టినరోజు మారదు కదండీ. పైగా 1953 రాష్ట్రమే ఇప్పుడున్నది అనడం కూడా కుదరదు. భద్రాచలం అప్పుడు తూర్పు గోదావరిలో ఉంది, 1959 లో ఖమ్మంలో కలిపారు, ఇప్పుడు ఆ టౌను తెలంగాణలో ఉంది. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లా, 1960 లో మద్రాసుకి పోయింది. నిజాం రాజ్యంలో ఉండిన కుక్కునూరు, వేలేరుపాడు 2014 లో మన వైపు వచ్చాయి.

ఓరుగల్లు అన్న:
మీరు ఏ దినం జేస్కుంటరో మీ ఇష్టం, కాని నవంబరు ఒకటి అంటే మాకు విద్రోహ దినం, ఏండ్ల సంది నల్లజెండలు ఎగరేసినం ఆ రోజు. రాష్ట్రాల పునర్విభజన కోసం కేంద్రం ఏసిన ఫజల్ అలీ కమిషన్ ఏం జెప్పింది, హైదరాబాద్ రాష్ట్రం విడిగనే ఉండాలె, 1961 ఎన్నికలైనంక అక్కడి అసెంబ్లీల మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలె అన్నది. అంతదాక ఆగలే. 1956 ఫిబ్రవరి 20 న ఢిల్లీల ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాస్కున్నరు, ముఖ్యమంత్రి అటు దిక్కు ఆయనైతే ఉప ముఖ్యమంత్రి మా దిక్కు ఉండాలె అన్నరు, నవంబరు 1 న నీలం సంజీవరెడ్డి మంత్రివర్గం ఏర్పడితే అండ్ల ఉప ముఖ్యమంత్రే లేడు. మొదటి దినమే మాట తప్పిన్రు. మేం బయటికొచ్చినంక గూడ ఆ కలిపిన దినాన్నే పండుగ జేస్తరా అని అడుగుతున్న, కోపంతోని కాదు.

కర్నూలోడు:
మా సీమ వైపు నుంచి ఒక మాట. 1937 లో కోస్తా నాయకులు, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ ఏది కావాలో సీమోళ్ళే కోరుకోవచ్చని రాసుకున్న్యారు. దాన్నిబట్టే కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిపినా మా ఊరు రాష్ట్రానికి రాజధాని. మూడేండ్లకే హైదరాబాదుకు ఎత్తుకపోయినారు, గుంటూరులో ఉన్న హైకోర్టు కూడా ఆడికే పాయె. నవంబరు 1 అంటే కర్నూలుకు రాజధాని పోయిన దినం. దానికి మేం జెండా ఎగరేసి మిఠాయిలు పంచాల్నా? అక్టోబరు 1 అయితే మా ఊరి దినం, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన దినం. ఊరికే పేరు కోసం కాదబ్బా, మా కథ మా పిల్లోళ్ళకు తెలియాల్ల.

విశాఖ వాణి:
ఎక్కువ మంది అక్టోబరు వైపే లాగుతున్నారు కాబట్టి నేను నవంబరు 1 వైపు నిలబడతాను. విశాలాంధ్ర, అంటే తెలుగువాళ్ళంతా ఒకే రాష్ట్రంలో ఉండాలన్నది, ఏదో కొందరు నాయకులు పైనుంచి రుద్దిన మాట కాదు, తెలంగాణ సాయుధ పోరాటం చేసిన కమ్యూనిస్టులు కూడా గట్టిగా కోరుకున్నది. ఓరుగల్లు అన్న చెప్పిన మాట తప్పడం నిజమే, ఆ బాధ నిజమే, నేను కాదనను. కానీ 58 ఏళ్ళ పాటు కోట్ల మంది ఆ రాష్ట్రంలోనే చదివి, ఉద్యోగాలు చేసి, పెళ్ళిళ్ళు చేసుకుని బతికారు, విడిపోయాం కాబట్టి ఆ తేదీ మనది కాదు అంటే ఆ బతుకంతా ఎక్కడ పెట్టుకోవాలి? ఇంకో సంగతి, 2014 తర్వాత వచ్చిన ప్రభుత్వం జూన్ 2 నుంచి నవ నిర్మాణ దీక్ష అని చేసింది, 2019 లో వచ్చింది మళ్ళీ నవంబరు 1 చేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పుట్టినరోజు మారితే పిల్లలకి చరిత్ర మీద నమ్మకం పోతుంది టీచర్ గారూ.

ఒంగోలు టీచర్:
లాయరు గారూ, చట్టం అన్నారు కాబట్టి 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టమే చూద్దాం. కేరళకి, మైసూరుకి, మధ్యప్రదేశ్‌కి "కొత్త రాష్ట్రం ఏర్పడుతుంది" అని రాశారు. మన సెక్షను 3 అలా లేదు, ఉన్న ఆంధ్ర రాష్ట్రానికి హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలు చేర్చి పేరు ఆంధ్రప్రదేశ్ అని మార్చారు, అంతే. దానికి సాక్ష్యం ఎన్నికల్లోనే ఉంది. 1957 లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణలో మాత్రమే జరిగాయి, మన వైపు 1955 లో గెలిచిన వాళ్ళే 1962 దాకా ఎమ్మెల్యేలుగా కొనసాగారు. కొత్తగా పుట్టిన రాష్ట్రానికి పాత అసెంబ్లీ ఎలా ఉంటుంది? మీరు చెప్పిన కొనసాగింపు లెక్కనే వెనక్కి నడిస్తే 1956 దగ్గర ఆగం, 1953 దగ్గరికి వెళ్తాం. భద్రాచలం, తిరుత్తణి అంటారా, కొంత భూభాగం పోతే పుట్టినరోజు మారదని మీరే అన్నారు.

బెజవాడ లాయరు:
సెక్షను 3 బలమైన పాయింటే, కాదనను. కానీ పేరుకి విలువ లేదా? తమిళనాడు చూడండి, అక్కడా ఇదే గొడవ, 2019 లో నవంబరు 1 ని తమిళనాడు దినం అన్నారు, 2021 లో వచ్చిన ప్రభుత్వం దాన్ని జూలై 18 కి మార్చింది. ఎందుకంటే 1967 లో ఆ రోజున అన్నాదురై ప్రభుత్వం అసెంబ్లీలో పేరు మార్పు తీర్మానం చేసింది. వాళ్ళు పేరు కోసం తీర్మానం చేసిన రోజుని ఎంచుకుంటే మనకి పేరు వచ్చిన రోజు ఎందుకు పనికిరాదు?

బళ్ళారి తెలుగువాడు:
నేను కర్ణాటకలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, మాకు నవంబరు 1 అంటే రాజ్యోత్సవం, ఎర్ర పసుపు జెండాలు. అక్టోబరు 1 గురించి మాట్లాడేవాళ్ళు మా జిల్లాని కూడా తలుచుకోండి. 1953 లో ఆ రోజే బళ్ళారి జిల్లాని రెండు చేశారు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వెళ్ళాయి, బళ్ళారితో సహా మిగతావి మైసూరుకి. మా ఇళ్ళల్లో ఒక అన్నదమ్ముడు ఈ పక్క, ఒకడు ఆ పక్క అయిపోయారు. పండగ చేసుకోవద్దని అనడం లేదు. మీ పిల్లలు చదివే కాగితంలో ఈ ముక్క కూడా ఉంటే బాగుంటుంది.

ఒంగోలు టీచర్:
తప్పకుండా ఉంటుందండీ. అక్టోబరు 1 కి ఇలా రాస్తున్నా: 1922, పాలకొల్లులో అల్లు రామలింగయ్య జననం. 1953, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర అవతరణ, బళ్ళారి మైసూరులో చేరిక. నవంబరు 1 కి: 1956, ఆంధ్ర రాష్ట్రంలో తెలంగాణ జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అన్న పేరు వచ్చింది. అవతరణ దినోత్సవం అన్న మాట అక్టోబరుకే వెళ్తుంది. లాయరు గారూ, తమిళనాడు వాళ్ళు ఆ పేరు కోసం పోరాడారు, మన వాళ్ళు ప్రాణం పెట్టింది రాష్ట్రం కోసం, నాకు తేడా అక్కడే కనిపిస్తోంది.

విశాఖ వాణి:
రెండు లైన్లూ బాగున్నాయి, అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. ఆ మాట నవంబరు నుంచి తీసేయడానికి మాత్రం నేను ఒప్పుకోను టీచర్ గారూ. నవంబరు 1 లైను కింద 2014 జూన్ 2 న తెలంగాణ విడిపోయిందని కూడా రాయండి, లేకపోతే ఆ కలిసిన జిల్లాలు ఇప్పుడేవని పిల్లలు మ్యాపులో వెతుక్కుంటారు.