నడుము సూది వేస్తే పిల్లల కాళ్లకు ఆక్సిజన్ తగ్గిపోతుందా?

పాలకొండ నాన్న:
మా గుంటడికి మూడేళ్లు. వచ్చే వారం శ్రీకాకుళంలో హెర్నియా ఆపరేషన్. పూర్తి మత్తుతోపాటు నడుము కింద సూది కూడా వేస్తామన్నారు మత్తు డాక్టర్‌గారు. కాళ్లు మొద్దుబారాయంటే రక్తం ఆడనట్టే, ఆక్సిజన్ అందదు అంటాడు మా బావమరిది. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. సూది వద్దని చెప్పేయమంటారా?

రాజాం ఓటీ టెక్నీషియన్:
వద్దనకండి అన్నయ్యా. మఠం వేసుక్కూర్చుంటే పట్టే తిమ్మిరి వేరు, ఇది వేరు. ఇక్కడ ఏదీ నొక్కుకుపోదు. రక్తనాళాలను బిగించి ఉంచే నరాలుంటాయి. మందుకి అవి కూడా పట్టు వదిలేస్తాయి. దాంతో నాళాలు వెడల్పయి కాళ్లకు రక్తం ఇంకా ఎక్కువే వస్తుంది. సూది పడిన పావుగంటకి నేను పిల్లల పాదాలు పట్టుకుని చూస్తుంటాను. అంత ఏసీలోనూ వెచ్చగా ఉంటాయి, అరికాళ్లు ఎర్రగా కనిపిస్తాయి. పెద్దవాళ్లకైతే బీపీ పడుతుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో అది చాలా అరుదు. పైగా లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియదు.

విజయనగరం నర్సింగ్ టీచర్:
పాదం వెచ్చగా ఉంటే చాలా తమ్ముడూ? వేలికి పెట్టే క్లిప్పు ధమని రక్తంలో ఆక్సిజన్ సంగతే చెబుతుంది. కండకు ఎంత అందుతోందో తెలియాలంటే నిర్స్ (NIRS) అనే, కండలోని ఆక్సిజన్‌ని కాంతితో కొలిచే పట్టీ అంటించాలి. అది 700–900 నానోమీటర్ల కాంతిని చర్మం లోపలికి పంపి కొలుస్తుంది. అక్కడ ఉండేది ఎక్కువగా సిర రక్తం కాబట్టి అంకె 70 శాతం దగ్గరున్నా కంగారు పడక్కర్లేదు. కాళ్ల విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా టెన్షన్ మెదడు గురించి. మందు ఎక్కువగా, గబగబా ఎక్కిస్తే వెన్నులో ఒత్తిడి పెరిగి తలలోకి పాకుతుంది. నెలల పిల్లల్లో మెదడుకు రక్తం కాసేపు తగ్గుతుంది. ‘ఏమీ కాదు’ అని తల్లిదండ్రులకు ఒక్క మాటలో తేల్చెయ్యడం నాకు నచ్చదు.

రాజాం ఓటీ టెక్నీషియన్:
ఒప్పుకుంటాను మేడమ్. అందుకే మందు మెల్లగా, మధ్యలో ఆగి ఆగి ఎక్కిస్తారు. 1979లో ఆర్మిటేజ్ అనే మత్తు డాక్టర్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: మందు ఎంత పైదాకా పాకాలన్నదాన్ని బట్టి కిలోకి అర, ఒకటి, ఒకటింపావు మిల్లీలీటర్లు. మొద్దుబార్చే మందు బుపివకైన్ అయితే కిలోకి 2.5 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

పాలకొండ నాన్న:
మావాడు 14 కిలోలు. సంక్రాంతికి తూచాం.

రాజాం ఓటీ టెక్నీషియన్:
ఆ లెక్క చెప్పకండి. ఆపరేషన్ రోజు పొద్దున్నే బట్టలు తీసి మళ్లీ తూయించండి. మందు ఆ అంకె మీదే.